వి-క్రాస్‌కు పెద్ద టైర్లు: ఏ సైజుకు డీజిల్ ఎంత, ఎవరికి ఏది సరిపోతుంది

ఇసుజు వి-క్రాస్ పికప్ ట్రక్కు కొన్నవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకే ఒక ఆలోచన మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన 255/60 ఆర్18 టైర్లు (255 మి.మీ. వెడల్పు, అందులో 60 శాతం గోడ ఎత్తు, 18 అంగుళాల రిమ్ము) అంత పెద్ద బండికి చిన్నగా కనిపిస్తున్నాయి, పెద్దవి వేయిద్దామా అని. టైర్ల షాపులో అడిగితే ఒకాయన మైలేజీ ఏమీ తగ్గదంటాడు. పెద్ద టైర్లు వేయించి ఏడాది తిప్పిన స్నేహితుడు మాత్రం సగానికి సగం పడిపోయిందంటాడు. ఇద్దరి మాటా నిజం కాదు. ఎందుకు కాదో తెలిస్తే ఏ టైరు కొనాలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు.

ఈ సలహా వి-క్రాస్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. టయోటా హైలక్స్ ఉన్నవాళ్లకు కంపెనీ టైరే 265/60 ఆర్18 కాబట్టి లెక్కలు కాస్త మారతాయి, తర్కం మాత్రం అదే.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ బండి తిరిగే దారి. ఏడాదికి తిరిగే కిలోమీటర్లలో తారు రోడ్డు ఎంత, మట్టి దారి ఎంత, అందులో నిజంగా బురద ఎంత? కాగితం మీద రాసుకోండి. ఊహించుకుంటే బురద వాటా ఎప్పుడూ ఎక్కువగానే అనిపిస్తుంది.

రెండోది టైరు బరువు. దీన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ. మూడోది ట్రెడ్ (నేలకు ఆనే గాడుల భాగం) రకం: తారు రోడ్డుకు చేసిన హెచ్‌టీ, రెండింటికీ పనికొచ్చే ఏటీ, బురదకు చేసిన ఎంటీ. సైజు నాలుగోది మాత్రమే. మనవాళ్లు దీన్నే మొదట పట్టుకుంటారు. ఆ తర్వాత మడ్‌గార్డుకు తగలకుండా పట్టడం, చట్టం, ఇన్సూరెన్స్, స్టెప్నీ. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ఏ ఒక్కటి తేడా వచ్చినా మొత్తం ఖర్చు వృథా.

డీజిల్ ఎక్కడికి పోతోంది

టైరు తిరిగేటప్పుడు నేలకు ఆనిన భాగం నొక్కుకుపోయి, పైకి రాగానే మళ్లీ సాగుతుంది. ప్రతి చుట్టులోనూ రబ్బరు ఇలా నలగడంలో కొంత శక్తి వేడిగా మారి పోతుంది. అందుకే దూరం నడిచాక టైరు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. ట్రెడ్ గట్లు ఎంత లోతుగా, ఎంత విడివిడిగా ఉంటే అవి అంతగా వంగుతాయి, శక్తి అంతగా పోతుంది. ఈ రెసిస్టెన్స్ 10 శాతం మారితే ఇంధన ఖర్చు సుమారు 1 నుంచి 2 శాతం మారుతుందని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన నివేదిక చెప్పింది. అంటే హెచ్‌టీ తీసి అదే సైజులో 25 శాతం ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న ఏటీ వేశారనుకుంటే పోయేది 2.5 నుంచి 5 శాతం. సగానికి సగం అన్న మాటకు ఇక్కడ ఆధారం లేదు.

రెండో దారి బరువు. కంపెనీ సైజు హెచ్‌టీ టైరు సుమారు 15, 16 కిలోలు ఉంటుంది. 265/70 ఆర్17లో ఎల్‌టీ అని రాసి ఉన్న గట్టి రకం 22 కిలోల దాకా, 285/70 ఆర్17లో అదే రకం 25 కిలోల దాకా ఉంటుంది. ఒక్కో చక్రానికి పది కిలోలు పెరగడమంటే ట్రక్కులో నలభై కిలోల బస్తా వేసినట్టే కదా అనిపిస్తుంది. అలా కాదు. బస్తాను ముందుకు కదిపితే చాలు, చక్రాన్ని ముందుకు కదపాలి, తిప్పాలి కూడా. టైరు బరువులో ఎక్కువ భాగం అంచున ఉంటుంది కాబట్టి వేగం అందుకునేటప్పుడు ఆ పది కిలోలు దాదాపు రెట్టింపుగా తగులుతాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ శక్తి వేడిగా పోతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ వెళ్లేవాళ్లకు ఈ దెబ్బ ఎక్కువ. ఒకే వేగంతో హైవే మీద పోయేవాళ్లకు ఇది పెద్దగా తెలియదు.

హైవే మీద తగిలేది మూడోది, గాలి. వెడల్పాటి టైరు గాలికి ఎక్కువ అడ్డుపడుతుంది, ఎత్తు పెరిగిన బండి కింద ఎక్కువ గాలి దూరుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు వర్గంలో పెరుగుతుంది: 80 దగ్గర ఉన్న అడ్డు 113 దగ్గర రెట్టింపు. దీనికి మంచి ఉదాహరణ ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్. 2021 మోడల్‌ను ఫోర్డ్ 35 అంగుళాల టైర్లతోనూ, 37 అంగుళాల టైర్లతోనూ అమ్మింది, ఇంజను ఒకటే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన అంకెల్లో సిటీ మైలేజీ రెండింటికీ గ్యాలనుకు 15 మైళ్లే. హైవే మాత్రం 18 నుంచి 16కు పడింది, అంటే 11 శాతం. రెండు అంగుళాల తేడాకు కంపెనీ ఫిట్టింగ్‌తో, అధికారిక పరీక్షలో వచ్చిన అంకె ఇది. షాపు మాటల కన్నా దీన్ని నమ్మొచ్చు.

నాలుగోది గేరింగ్. టైరు పెద్దదైతే ఒక చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, కాబట్టి అదే వేగానికి ఇంజను తక్కువ తిరుగుతుంది. వినడానికి లాభంలా ఉంటుంది. చదును హైవే మీద ఖాళీ బండితో కొంత లాభం కూడా. కానీ 1.9 లీటర్ల ఈ ఇంజను తన 360 ఎన్ఎం టార్క్‌ను (తిప్పే బలాన్ని) 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఇస్తుంది. పెద్ద టైరుతో ఆరో గేరులో నెమ్మదిగా పోతుంటే ఇంజను ఆ పరిధి కిందికి జారిపోతుంది. చిన్న ఎత్తు వచ్చినా ఐదుకు దించాలి. ఆటోమేటిక్ అయితే అదే దించుకుంటుంది, పదే పదే. మారేడుమిల్లి, అనంతగిరి ఘాట్ రోడ్ల మీద ఈ తేడా కాలికి తెలుస్తుంది: యాక్సిలరేటర్ ఎక్కువ నొక్కాల్సి వస్తుంది.

మైలేజీ లెక్క కట్టే ముందు ఓడోమీటరు సరిచేసుకోండి

ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఓడోమీటరు దూరాన్ని కొలవదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కంపెనీ టైరు చుట్టుకొలతతో గుణిస్తుంది. టైరు పెద్దదైనా దానికి తెలియదు. కాబట్టి నిజంగా పోయిన దూరం కన్నా తక్కువ చూపిస్తుంది, మీరు లెక్కగట్టిన మైలేజీ కూడా తక్కువే వస్తుంది.

| టైరు సైజు | వ్యాసం (మి.మీ.) | కంపెనీ టైరు కన్నా ఎక్కువ | మీటరులో 100 కి.మీ. అంటే నిజంగా | నేల నుంచి పెరిగే ఎత్తు |
|---|---|---|---|---|
| 255/60 ఆర్18 (కంపెనీ) | 763 | – | 100 | – |
| 265/60 ఆర్18 | 775 | 1.6% | 101.6 | 6 మి.మీ. |
| 265/70 ఆర్17 | 803 | 5.2% | 105.2 | 20 మి.మీ. |
| 285/70 ఆర్17 | 831 | 8.9% | 108.9 | 34 మి.మీ. |

285 వేసినాయన లీటరుకు 12 నుంచి 10కి పడిపోయిందని బాధపడుతున్నాడనుకోండి. ఆ పదిని 1.089తో గుణిస్తే 10.9. నిజంగా తగ్గింది 17 శాతం కాదు, 9 శాతం. మిగతాది మీటరు తప్పు. పెద్ద టైర్ల గురించి వినే భయంకరమైన కథల్లో చాలావాటికి మూలం ఇదే.

దీనికి ఎదురు తప్పు కూడా ఒకటుంది. ఫోన్ జీపీఎస్‌తో వేగం సరిచూసి, "స్పీడోమీటరు ఇప్పుడే కరెక్టుగా చూపిస్తోంది, కాబట్టి దూరం లెక్క కూడా కరెక్టే" అనుకుంటారు. స్పీడోమీటరు నిజం కన్నా తక్కువ చూపించకూడదన్న నిబంధన ఉండటంతో కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువ చూపించేలానే చేస్తాయి. పెద్ద టైరు ఆ అదనాన్ని మింగేస్తుంది, రెండూ సరిపోయినట్టు కనిపిస్తాయి. ఓడోమీటరులో సాధారణంగా అలాంటి అదనం ఉండదు. దాన్ని విడిగా సరిచూడాలి: 65వ నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లు చూస్తూ యాభై కిలోమీటర్లు పోయి, ట్రిప్ మీటరుతో పోల్చండి. ఆ గుణకం రాసి పెట్టుకుంటే ఆ టైర్లు ఉన్నంతకాలం పనికొస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అరిగిన పాత టైరు వ్యాసం కొత్తదాని కన్నా పన్నెండు మిల్లీమీటర్ల దాకా తక్కువ, అంటే దాదాపు 1.6 శాతం. పైగా అరిగిన టైరు రోలింగ్ రెసిస్టెన్స్ కొత్తదాని కన్నా తక్కువ. అందుకే పాత టైర్లు తీసి అదే సైజు, అదే రకం కొత్తవి వేసినా మైలేజీ తగ్గినట్టే ఉంటుంది. మార్చిన వారానికే తీర్పు చెప్పకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ దానంతటది ఆగేదాకా ఫుల్ ట్యాంకు కొట్టించి, మూడు నాలుగు ట్యాంకులు చూశాక మాట్లాడండి.

నాలుగు దారులు

*ఒకటి: కంపెనీ సైజు హెచ్‌టీ.* మైలేజీకి ఇదే కొలమానం. తడి తారు మీద బ్రేకు బాగా పడుతుంది, చప్పుడు తక్కువ. ఎర్ర చెలక దారులు, గులకరాళ్ల రోడ్లు వేగం తగ్గించి పోతే ఇబ్బంది లేదు. పదునైన రాళ్ల దగ్గర పక్కగోడ కోసుకుపోయే ప్రమాదం ఉంది. తడిసిన నల్లరేగడిలో మాత్రం పది మీటర్లు పోగానే గాడులన్నీ మూసుకుపోయి నున్నటి టైరైపోతుంది.

*రెండు: 255/60 లేదా 265/60 ఆర్18 ఏటీ.* ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. రిమ్ములు మార్చక్కర్లేదు, ఎక్కడా తగలదు, మీటరు తప్పు రెండు శాతం లోపే. నిజమైన నష్టం, బరువు తక్కువ ఉన్న మామూలు రకం ఏటీ తీసుకుంటే, 3 నుంచి 5 శాతం మధ్య ఉంటుందని నా అంచనా. దానికి బదులుగా రాళ్ల దారుల్లో ధైర్యం, వానాకాలంలో పొలం దాకా పోగలిగే పట్టు వస్తాయి. షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఎల్‌టీ రకమా, మామూలు రకమా? ఒకే కంపెనీ, ఒకే పేరు, దాదాపు ఒకే సైజులో రెండూ దొరుకుతాయి. పక్కగోడ మీద సైజుకు ముందు ఎల్‌టీ అని ఉంటే అది బరువు మోసే పనికి చేసింది. రోజూ ట్రక్కులో టన్నుకు దగ్గరగా సరుకు వేసేవాళ్లకు, రాతి గనుల దగ్గర తిరిగేవాళ్లకు అది అవసరం. కుటుంబంతో శ్రీశైలం వెళ్లొచ్చే బండికి అవసరం లేదు. బరువూ గట్టిదనమూ రెండూ అనవసరంగా మోస్తారు.

*మూడు: 265/70 ఆర్17 ఏటీ.* చూపుకు బాగుండేది, ఆశ పుట్టించేది ఇదే. పదిహేడు అంగుళాల రిమ్ములు కొనాలి. రిమ్ము చిన్నదై రబ్బరు గోడ ఎత్తు 153 నుంచి 185 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. గుంతల్లో కుదుపు తగ్గుతుంది, రాళ్ల మీద రిమ్ము దెబ్బతినదు. గాలి తగ్గించి నడిపేటప్పుడు ఈ గోడ చాలా పనికొస్తుంది. నష్టం 6 నుంచి 9 శాతం దాకా ఉండొచ్చు, ఎల్‌టీ రకమైతే పై అంచుకు దగ్గరగా. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునే అవకాశం ఉంది. అది టైరు వెడల్పు కన్నా రిమ్ము ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) మీదే ఎక్కువ ఆధారపడుతుంది, కాబట్టి డబ్బు కట్టే ముందు ఒక చక్రం బిగించి రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

*నాలుగు: 285/70 ఆర్17 ఎంటీ.* ఇది టైర్లతో ఆగదు. బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ కావాలి, లోపలి ప్లాస్టిక్ కోయాలి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. బరువు, వెడల్పు, ఎత్తు, ముతక ట్రెడ్, పైన చెప్పిన నాలుగు నష్టాలూ ఒకేసారి వస్తాయి. మీటరు తప్పు తీసేశాక కూడా 12 నుంచి 18 శాతం నష్టానికి సిద్ధపడాలి. తడి తారు మీద పట్టు తక్కువ, కాబట్టి బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది. హోరు గంటల తరబడి వింటే అలసట వస్తుంది. ఇన్ని చెప్పినా దీనికి తిరుగులేని చోటు ఒకటుంది. ఆదిలాబాద్ వైపు, కర్నూలు వైపు వానాకాలపు నల్లరేగడిలో ఏటీ గాడులు కూడా మూసుకుపోతాయి. ఎంటీ గట్ల మధ్య వెడల్పాటి ఖాళీల నుంచి మట్టి తిరుగుడికి విసిరేయబడుతుంది. ఆ బురదలోకి వారం వారం పోయే పని ఉన్నవాళ్లకు డీజిల్ లెక్క రెండోది, ఇల్లు చేరడం మొదటిది.

రూపాయల్లో

ఏడాదికి 15,000 కిలోమీటర్లు, కంపెనీ టైర్లతో లీటరుకు 12, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. మీ అంకెలు వేరైతే అదే నిష్పత్తిలో మార్చుకోండి.

| నిజమైన తగ్గుదల | మైలేజీ | ఏడాది డీజిల్ | అదనపు ఖర్చు |
|---|---|---|---|
| 0% | 12.0 | 1,250 లీ. | – |
| 5% | 11.4 | 1,316 లీ. | సుమారు రూ. 6,300 |
| 10% | 10.8 | 1,389 లీ. | సుమారు రూ. 13,300 |
| 15% | 10.2 | 1,471 లీ. | సుమారు రూ. 21,200 |

ఒక సెట్టు టైర్లు 50,000 కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే చివరి వరుసలో డీజిల్‌కే అదనంగా 70,000 రూపాయలు పోతాయి. టైర్ల ధర చూసి బేరమాడే మనం ఈ అంకెను కూడా బిల్లులో కలుపుకోవాలి.

ఎవరికి ఏది

హైదరాబాద్‌లో ఉద్యోగం, వారాంతాల్లో వికారాబాద్ వైపో, నెలకోసారి సొంతూరికో పోయేవాళ్లు రెండో దారి దగ్గర ఆగండి. టైరు పెద్దది చేస్తే తప్ప పోలేమనుకునే చాలా చోట్లకు గాలి తగ్గిస్తే పోవచ్చు. ఇసుకలో, వదులు మట్టిలో 18, 20 పీఎస్ఐకి దించితే టైరు నేలకు ఆనే భాగం పొడవుగా సాగి పట్టు బాగా పెరుగుతుంది. వేగం మాత్రం బాగా తగ్గించాలి, తారు ఎక్కేలోపు మళ్లీ నింపాలి. అందుకు బండిలో ఒక కంప్రెసర్ ఉంటే చాలు. దాని ధర ఒక్క టైరు ధర కన్నా తక్కువ, మైలేజీకి నష్టం సున్నా. ఎవరైనా పెద్ద టైర్ల గురించి అడిగితే నేను ముందు దీన్ని కొనమంటాను.

వ్యవసాయం, తోటలు, చెరువుల పని మీద తిరిగేవాళ్లలో ఎర్ర నేలవాళ్లకు రెండోది చాలు, నల్ల నేలవాళ్లకు మూడోది. స్తోమత, జాగా ఉంటే ఎంటీ టైర్లు విడి రిమ్ములతో ఇంకో సెట్టు పెట్టుకుని వానాకాలంలో మాత్రం బిగించడం ఇంకా మంచిది. ఏడాదిలో ఎనిమిది నెలలు అనవసరపు బరువు తిప్పే పని తప్పుతుంది.

విజయవాడ, బెంగళూరు అంటూ హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లకు హెచ్‌టీయే సరైనది. అందం కోసమే అయితే నిజాయితీగా అలాగే అనుకుని 265/60 ఏటీ వేసుకోండి. ముచ్చట తీర్చుకోవడం తప్పేమీ కాదు, దాని ధర తెలిసి తీర్చుకోవాలి.

పెద్ద టైర్లు బిగించేసినవాళ్లు చేయగలిగినవి రెండు. మొదటిది గాలి: ఎల్‌టీ టైర్లకు అదే బరువు మోయడానికి మామూలు టైర్ల కన్నా ఎక్కువ పీఎస్ఐ కావాలి. బంకులో కుర్రాడు అలవాటుగా కొట్టే 32 వాటికి తక్కువ పడొచ్చు. నాలుగు టైర్ల సగటు గాలి ఒక్క పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. రెండోది వేగం. హైవే మీద 100 నుంచి 85కు దించితే గాలి అడ్డు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది, టైర్ల వల్ల పోయింది చాలావరకు తిరిగొస్తుంది. మీటరులో 85 అంటే 285 టైర్లతో నిజంగా 92 దాకా ఉంటుందని మరవకండి, కెమెరా లెక్కపెట్టేది నిజమైన వేగాన్నే.

డబ్బు కట్టే ముందు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇదే మోడల్‌లో ఏదో ఒక వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజైతే మీ వాదనకు బలం ఉంటుంది. 285, లిఫ్ట్ కిట్‌లకు అది ఉండదు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట చూసేవాటిలో టైర్లు కూడా ఉంటాయి, కాబట్టి వేయించకముందే ఇన్సూరెన్స్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

చివరగా స్టెప్నీ. వి-క్రాస్‌లో అది ట్రక్కు కింద వేలాడుతుంది. 265/70 పట్టడమే ఇరుకు, 285 పట్టదనే అనుకోండి. నాలుగు పెద్దవి కొని, ఐదోదిగా పాత చిన్న టైరు ఉంచుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది: ఆ చిన్న టైరు బిగించి ఉన్నంతసేపు 4హెచ్, 4ఎల్ (ఫోర్‌వీల్ డ్రైవ్) వేయకూడదు. ముందు వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే పెట్టె) మీద ఒత్తిడి పడుతుంది. అడవి దారిలో టైరు పగిలితే అప్పుడే ఫోర్‌వీల్ అవసరం పడుతుంది. కాబట్టి ఐదు టైర్లకు ధర అడగండి, నాలుగుకు కాదు.